నూటికి ఎంత? ఎవరి నూటికి?

(యూఏఈలోని తెలుగు కుటుంబాల కోసం ప్రసారమైన రేడియో ప్రసంగానికి ఇది పాఠం.)



"మందుల పరిశోధనలో గణాంకశాస్త్రం పాత్ర" అనే విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఆ పేరు వినగానే సగంమంది రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతారని నాకు తెలుసు. అందుకని పేరు కొంచెం మార్చాను. "నూటికి ఎంత? ఎవరి నూటికి?" ఈ రెండు ప్రశ్నల్లో మొదటిది అందరూ అడుగుతారు. రెండోది అడిగేవాళ్ళు తక్కువ. ఈ పూట నా తాపత్రయమంతా ఆ రెండో ప్రశ్న గురించే.

ముందు నా గురించి ఒక్క ముక్క. నేను డాక్టర్ని కాదు. కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించేటప్పుడు ఆ లెక్కలు చూసేవాణ్ణి. ఎంతమందిని తీసుకోవాలి, ఎవరికి ఏ మందు పడాలి, చివరికి వచ్చిన అంకెల్ని ఎలా చదవాలి, ఇదీ నా వృత్తి. షార్జాలో ఉంటాం. మా బిల్డింగులో ఎవరైనా కొత్త మందు గురించి పేపర్లో చదివితే, "ఏమండీ, ఇది పనిచేస్తుందా?" అని అడుగుతారు. "ఎవరికి?" అంటాను నేను. వాళ్ళకి విసుగొస్తుంది. ఆ విసుగు ఎందుకు అవసరమో ఈ అరగంటలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మనవాళ్ళు సరదాకి అంటూ ఉంటారు, జలుబుకి మందు వేసుకుంటే వారంలో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడురోజులు పడుతుంది అని. నా శాస్త్రం మొత్తం ఈ హాస్యంలోనే ఉంది. మందు వేసుకున్నాక తగ్గింది కాబట్టి మందువల్లే తగ్గిందని చెప్పలేం. వేసుకోనివాళ్ళ సంగతేమిటో కూడా చూడాలి.

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య గారి మందు కోసం వేలమంది బారులు తీరిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ మన ఫోన్లలో కూడా ఆ వీడియోలే. "మా బాబాయికి తగ్గింది", "మా పక్కింటాయన లేచి కూర్చున్నాడు" అని. ఆ నెలాఖరున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంట్లో వేసే చుక్కల్ని మినహాయించి మిగతా మందుకి అనుమతి ఇచ్చింది. దానివల్ల హాని కనబడలేదన్నారు, కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారం కూడా లేదన్నారు. నేనిక్కడ ఎవరి నమ్మకాన్నీ కించపరచడం లేదు. ఒక్క సంగతి గమనించండి. అన్ని వేలమంది తిన్నా, తిన్నవాళ్ళలో ఎంతమందికి తగ్గింది, తిననివాళ్ళలో ఎంతమందికి తగ్గింది అని పక్కపక్కన పెట్టి చెప్పగలిగినవాళ్ళు లేరు. తగ్గినవాళ్ళు వీడియో తీస్తారు. తగ్గనివాళ్ళు ఆసుపత్రికి వెళ్తారు. కెమెరా వాళ్ళ దగ్గర ఉండదు.

సరే, రెండు గుంపులుగా పోల్చాలి. కానీ ఆ రెండు గుంపులూ ఒకేలా ఉండాలి కదా? దీనికి పద్ధతి ప్రకారం దారి చూపింది వ్యవసాయంవాళ్ళు. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో రొనాల్డ్ ఫిషర్ అనే ఆయన పనిచేసేవాడు. పొలంలో ఒక మూల సారం ఎక్కువుంటుంది, ఇంకో మూల చౌడు. కొత్త ఎరువుని సారమున్న మూలలో వేసి, పాత ఎరువుని చౌడులో వేస్తే, కొత్తదే గొప్పదని తేలుతుంది. మరేం చెయ్యాలి? పొలాన్ని చిన్న చిన్న మళ్ళుగా చేసి, ఏ మడికి ఏ ఎరువో చీట్లు వేసి నిర్ణయించాలి. మనిషి చెయ్యి అందులో పడకూడదు. మనుషుల విషయంలోనూ అంతే. డాక్టరుగారు జాలిపడి బాగా జబ్బుగా ఉన్నవాళ్ళకే కొత్త మందు ఇస్తే ఆ మందు పాపం అన్యాయంగా ఓడిపోతుంది. కులాసాగా ఉన్నవాళ్ళకి ఇస్తే అన్యాయంగా గెలుస్తుంది. చీటీకి జాలీ లేదు, పక్షపాతమూ లేదు.

ఇదే ఫిషర్ 1935లో వచ్చిన తన పుస్తకంలో టీ కప్పుల కథ చెప్పాడు. కప్పులో ముందు పాలు పోశారా, ముందు టీ పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనని ఒకావిడ అన్నది. మన కఫెటేరియాలో కరక్ చాయ్ దగ్గర ఇలాంటి పందాలు మీరూ కట్టి ఉంటారు. ఫిషర్ ఏం చేశాడంటే, 8 కప్పులు పెట్టమన్నాడు. నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో టీ ముందు, వరస మాత్రం కలగాపులగం. పాలు ముందు పోసిన నాలుగూ ఏవో ఆవిడ చెప్పాలి. 8 కప్పుల్లోంచి 4 ఏరడానికి 70 దారులున్నాయి. అంటే ఏమీ తెలియకుండా గుడ్డిగా చెప్పినా 70లో ఒక వంతు అదృష్టం ఉంది. ఆవిడ నాలుగూ సరిగ్గా చెప్తే మనం రెంటిలో ఒకటి ఒప్పుకోవాలి. 70లో ఒకసారి జరిగే అదృష్టం ఇప్పుడే జరిగిందనుకోవాలి, లేదా ఆవిడకి నిజంగా తెలుసుననుకోవాలి. మందుల పరిశోధనలో "ఇది కాకతాళీయం కాదు" అని మేము చెప్పే మాట వెనక ఉన్నది ఇంతే. అదృష్టం ఎంతవరకు ఈ పని చేయగలదో ముందే లెక్క కట్టి పెట్టుకుంటాం.

ఫిషర్ పేరు చెప్పాక ఆయన దగ్గర కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేసిన మన తెలుగాయన పేరు చెప్పకపోతే పాపం. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, లోకానికి సి. ఆర్. రావు గారు. 1920లో, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళారు. 1945లో, పాతికేళ్ళ వయసులో, ఆయన రాసిన వ్యాసంలో ఒక సూత్రం ఉంది. స్వీడన్‌కి చెందిన క్రామర్ పేరుతో కలిపి దాన్ని క్రామర్-రావు హద్దు అంటారు. మామూలు మాటల్లో, చేతిలో ఉన్న సమాచారం ఇంత అయితే, దాని నుంచి పిండగలిగే కచ్చితత్వానికి ఒక హద్దుంది. ఎంత తెలివైనవాడు లెక్కవేసినా సూటి అంచనా ఏదీ ఆ హద్దు దాటలేదు. చెరుకు గడలో ఉన్నంత రసమే వస్తుంది, గానుగ ఎంత ఖరీదైనదైనా సరే. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. ఈ చెరుకుగడ మాట గుర్తుంచుకోండి. కాసేపట్లో దాంతో మళ్ళీ పని పడుతుంది.

చీట్లు వేసి మందు పరీక్షించే పద్ధతికి గట్టి పునాది పడింది 1948లో. ఇంగ్లండులో క్షయరోగానికి స్ట్రెప్టోమైసిన్ వచ్చిన కొత్త. మందు అందరికీ చాలదు. అందుకని 107 మంది రోగుల్ని తీసుకుని, సీలు వేసిన కవర్లలో చీట్లు పెట్టి, 55 మందికి మందు, విశ్రాంతి ఇచ్చారు, 52 మందికి విశ్రాంతి మాత్రమే ఇచ్చారు. ఆరునెలలయ్యేసరికి మందు పడినవాళ్ళలో నలుగురు, పడనివాళ్ళలో 14 మంది పోయారు. మందు పనిచేస్తుందా అన్న వాదన ఇంక అక్కర్లేకపోయింది.

తరవాతది మనకి ఇంకా దగ్గరి కథ. మన పెద్దవాళ్ళ కాలంలో క్షయ అంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానటోరియానికి పోవాల్సిందే అనుకునేవారు. పడక దొరికేది ఎందరికి? 1956లో మద్రాసులో ఒక పరిశోధనా కేంద్రం పెట్టి, పేద కుటుంబాల రోగులు 193 మందిని చీట్ల పద్ధతిలో విడదీశారు. కొందరు శానటోరియంలో మంచి తిండి, విశ్రాంతితో, కొందరు తమ ఇరుకిళ్ళలోనే ఉంటూ, ఒకే మందులు ఏడాదిపాటు వాడారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉండి మందు వాడినవాళ్ళకి కూడా దాదాపు అంత బాగానూ తగ్గింది. ఇంట్లోవాళ్ళకి అంటుకోవడం కూడా ఎక్కువేమీ కాలేదు. ఆ చిన్న లెక్క ప్రపంచమంతా క్షయవైద్యాన్ని శానటోరియం నుంచి ఇంటికి తెచ్చింది. దానికి ముందు, ఇది కుదరదని ఖచ్చితంగా చెప్పిన పెద్ద డాక్టర్లు ఎందరో ఉండేవారు. అనుభవం గొప్పదే, కానీ పోల్చి చూడని అనుభవం ఒంటికన్ను అనుభవం.

ఇక మనం ఉంటున్న గడ్డమీద జరిగిన కథకి వద్దాం.

2020 జులై 16న అబుదాబీలో సినోఫార్మ్ వారి కోవిడ్ టీకాకి మూడో దశ ప్రయోగం మొదలైంది. చైనా టీకాకి అబుదాబీలో పరీక్ష ఎందుకు? అప్పటికి చైనాలో జబ్బు బాగా తగ్గిపోయింది. దొంగలు లేని ఊళ్ళో తాళం గట్టిదో కాదో ఎలా తెలుస్తుంది? టీకా వేసినవాళ్ళకీ రాదు, వెయ్యనివాళ్ళకీ రాదు. ఇక్కడ జబ్బూ ఉంది, లోకంలోని అన్ని దేశాల జనమూ ఉన్నారు. "ఫోర్ హ్యుమానిటీ" అనే పేరుతో పిలుపు ఇస్తే, ఆగస్టు నెలాఖరుకి 125 దేశాలకి చెందిన 31,000 మంది ముందుకొచ్చారు. డాక్టర్ నవాల్ అల్ కాబీ గారు దీనికి ముఖ్య పరిశోధకురాలు. బహ్రెయిన్‌లో కూడా జనాన్ని చేర్చుకున్నారు.

నేను ఆ ప్రయోగంలో పనిచెయ్యలేదు. కానీ అందులో చేరిన మనవాళ్ళు నాకు తెలుసు. జగిత్యాల వైపు తమ్ముడొకడు, ముసఫాలో పనిచేసేవాడు, ఫోన్ చేసి, "అన్నా, నాకు ఏసింది అసలుదా, ఉత్తదా? జర కనుక్కోరాదే" అన్నాడు. "తమ్ముడూ, అది నాకూ తెల్వది, నీకు సూది వేసిన నర్సమ్మకూ తెల్వది. తెలియకపోవడమే దాంట్లో గొప్ప" అన్నాను. ఈ పద్ధతిని డబుల్ బ్లైండ్ అంటారు. తనకి పడింది అసలు టీకా అని తెలిస్తే మనిషి మాస్కు తీసేసి తిరుగుతాడు. ఉత్తదని తెలిస్తే గదిలో ముడుచుకుని కూర్చుంటాడు. అప్పుడు మనం కొలిచేది టీకాని కాదు, వాళ్ళ ధైర్యాన్ని. అందుకే ఇద్దరికీ కళ్ళకి గంతలు.

ఆ ఫలితాలు 2021 మే 26న అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వారి పత్రిక జామాలో వచ్చాయి. ఇది మన జామకాయ కాదు, ఆ పేరులోని పొడి అక్షరాలంతే. ఇప్పుడు ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి. పిల్లల్ని కూడా పిలవండి, భాగహారం వస్తే చాలు.

మొత్తం 40,382 మందిని చీట్ల పద్ధతిలో మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి వూహాన్‌లో తయారైన టీకా, ఒకదానికి బీజింగ్‌లో తయారైన టీకా. మూడో గుంపుకి వైరస్ లేకుండా, టీకాలో కలిపే అల్యూమినియం హైడ్రాక్సైడ్ మాత్రమే ఉన్న సూది. మూడు వారాల తేడాతో రెండేసి సూదులు. రెండో సూది తరవాత 14 రోజులు గడిచాక లెక్క మొదలు. లెక్కలోకి వచ్చినవాళ్ళు 38,206 మంది, అంటే ఒక్కో గుంపులో 12,700 పైచిలుకు.

సగటున రెండున్నర నెలలు గమనిస్తే, లక్షణాలతో కోవిడ్ వచ్చినవాళ్ళు ఉత్తుత్తి సూది గుంపులో 95 మంది. వూహాన్ టీకా గుంపులో 26 మంది. బీజింగ్ టీకా గుంపులో 21 మంది. మనం ఇక్కడ ఎక్కువగా వేయించుకున్నది ఈ బీజింగ్‌ది. గుంపులు మూడూ సమానం కాబట్టి 21ని 95తో భాగించండి. 0.22 వస్తుంది. టీకా లేకుండా 100 మందికి రావాల్సిన చోట టీకాతో 22 మందికే వచ్చింది. మిగతా 78 ఆగిపోయాయి. పత్రికలో వేసిన అంకె కూడా అదే, 78.1 శాతం. చూశారా, ఇంత పెద్ద శాస్త్రం మన ఐదో తరగతి భాగహారం. వెనక ఉన్న కష్టమంతా ఆ 21, ఆ 95 నిజాయితీగా వచ్చేలా చూడడంలో ఉంది.

ఇప్పుడు మనం పొరపాటు పడే చోట్లు చెప్తాను.

మొదటిది. 78 శాతం అంటే వందమందికి టీకా వేస్తే 78 మందికి పనిచేసి 22 మందికి కోవిడ్ వస్తుందని చాలామంది అనుకున్నారు. అలా కాదు. టీకా పడిన 12,726 మందిలో జబ్బు వచ్చింది 21 మందికి. శాతమనేది రెండు గుంపుల మధ్య పోలిక. అదే లెక్కని ఇంకో వైపు నుంచి చూస్తే, ఆ రెండున్నర నెలల్లో ఒక్క జబ్బుని ఆపడానికి దాదాపు 170 మందికి టీకా వేయాల్సివచ్చింది. రెండు అంకెలూ నిజమే. ఒకటి టీకా సత్తా చెప్తుంది, రెండోది ఆ సమయంలో ఆ ఊళ్ళో జబ్బు ఎంత ఉందో కూడా కలిపి చెప్తుంది. అమ్మేవాడు పెద్ద అంకె చెప్తాడు, భయపెట్టేవాడు చిన్నది చెప్తాడు. మనం రెండూ అడగాలి.

రెండోది. 2020 డిసెంబరు 9న ఇక్కడి ఆరోగ్యశాఖ ఈ టీకా 86 శాతం పనిచేస్తుందని ప్రకటించింది. అదే నెల 30న తయారీదారులు 79.34 శాతం అన్నారు. మేలో పత్రికలో 78.1 వచ్చింది. "ఒక్కొక్కరు ఒక్కో మాట, ఇదంతా బూటకం" అన్నవాళ్ళు నాకు తెలుసు. కానీ పత్రికలో 78.1 పక్కన ఇంకో రెండు అంకెలు వేశారు. 64.8 నుంచి 86.3 వరకు. దీన్ని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అంటారు, మనం నమ్మకపు హద్దులు అందాం. ఇదే ప్రయోగాన్ని మళ్ళీ మళ్ళీ చేసి ప్రతిసారీ ఇలా హద్దులు కడితే, నూటికి 95 సార్లు నిజం ఆ హద్దుల మధ్య ఉంటుంది. ముందు చెప్పిన 86, 79 కూడా ఈ హద్దుల్లోపలే ఉన్నాయి. తేడాలో వింతేమీ లేదు. లోపం ఎక్కడుందంటే, మొదటి ప్రకటనల్లో ఎంతమందికి జబ్బు వచ్చిందన్న లెక్క ఇవ్వలేదు. లెక్క లేని శాతం సంతకం లేని చెక్కు.

మూడోది. తీవ్రమైన కోవిడ్ వచ్చినవాళ్ళు ఆ ప్రయోగంలో ఇద్దరు. ఇద్దరూ ఉత్తుత్తి సూది గుంపువారే. టీకా గుంపుల్లో సున్నా. భాగహారం చేస్తే నూటికి నూరు. కానీ ఎంతమంది మీద? ఇద్దరి మీద. నాణెం ఎగరేస్తే రెండుసార్లూ బొమ్మ పడడం వింతేమీ కాదు. "వంద శాతం" అన్న మాట వినబడినప్పుడు కింద ఉన్న అంకె చూడండి.

నాలుగోది. టీకా పడ్డాక వారం లోపల చెయ్యి నొప్పి, తలనొప్పి లాంటి ఇబ్బందులు వచ్చినవాళ్ళు బీజింగ్ టీకా గుంపులో 41.7 శాతం. అమ్మో అనిపిస్తుంది. ఉత్తుత్తి సూది గుంపులో ఎంతో తెలుసా? 46.5 శాతం! ఆ అల్యూమినియం మందుకీ కొంచెం నొప్పి ఉంటుందనుకోండి, అది ఒట్టి ఉప్పునీళ్ళు కాదు. అయినా, పోల్చడానికి రెండో గుంపు లేకపోతే నొప్పులన్నిటినీ వైరస్ ఉన్న టీకా ఖాతాలోనే రాసేవాళ్ళం.

ఇప్పుడు నా రెండో ప్రశ్న. ఎవరి నూటికి?

ఆ నలభైవేలమంది సగటు వయసు 36 ఏళ్ళు. నూటికి 84 మంది మగవాళ్ళు. గల్ఫులో ఉన్నవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం లేదు. ఇక్కడి క్యాంపుల్లో, సైట్లలో, ఆఫీసుల్లో ఉన్న జనాభాయే అది. పనిచేసే వయసు, కుటుంబం ఊళ్ళో, ఒంట్లో సత్తువ. వాళ్ళ చేతులు చాపి ఇచ్చిన లెక్క అది. ఆ లెక్క మీద ఆధారపడి 2021 మే 7న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాని అత్యవసర జాబితాలో చేర్చింది, తరవాత ఎన్నో దేశాలకి వెళ్ళింది. అందులో మన జగిత్యాల తమ్ముడి వంతు కూడా ఉంది. అతనికి పడింది ఉత్తదైనా సరే, అతను లేకపోతే 95 అన్న అంకె లేదు. 95 లేకపోతే 78 లేదు.

కానీ అప్పట్లో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న వేరే. "విజిట్ వీసా మీద అమ్మ వచ్చి ఉంది. డెబ్భై ఏళ్ళు, సుగరు ఉంది. ఈ టీకా ఆవిడకి పనిచేస్తుందా?" ఆ ప్రయోగంలో అమ్మ లాంటివాళ్ళు దాదాపు లేరు. 60 దాటినవాళ్ళు ఎంత తక్కువగా ఉన్నారంటే, ఆ వయసువారిలో ఎంత పనిచేస్తుందో అంచనా కట్టడం కుదరదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. గర్భిణుల్ని అసలు చేర్చుకోలేదు. సి. ఆర్. రావు గారి చెరుకుగడ ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి. అక్కడ గడే లేదు, రసం ఎక్కడినుంచి వస్తుంది? పనిచెయ్యదని కాదు, తెలియదని. ఈ రెండు మాటలకీ చాలా తేడా ఉంది. అప్పుడు నేను ఇచ్చిన జవాబు, "వేయించండి, లేకపోవడం కంటే మేలని అనుకోవడానికి కారణం ఉంది. కానీ 78 అనే అంకె అమ్మగారిది కాదు, మీది. ఆవిడ జాగ్రత్తలు మాత్రం మానొద్దు" అని.

తరవాత ఏం జరిగింది? 2021 మే నెలలోనే ఇక్కడ రెండు డోసులు పూర్తయి ఆరునెలలు దాటినవారికి మూడో డోసు ఇవ్వడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళకి, దీర్ఘవ్యాధులున్నవాళ్ళకి ముందు. అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఈ రకం టీకాలు వేయించుకున్న 60 ఏళ్ళు దాటినవారికి మూడో డోసు కావాలని చెప్పారు. లెక్కలో లేనివాళ్ళ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఆలస్యానికి మూల్యం కట్టేది ఎప్పుడూ లెక్కలో లేనివాళ్ళే.

మన హైదరాబాదు భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్ కథ కూడా ఇలాగే చదవచ్చు. మూడో దశ ఫలితాలు రాకముందే, 2021 జనవరి 3న ఇండియాలో దానికి అనుమతి ఇచ్చారు. ఆ తొందర మీద పెద్ద చర్చ నడిచింది. నవంబరులో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. మొత్తం 130 మందికి జబ్బు వస్తే, అందులో టీకా గుంపువారు 24 మంది, ఉత్తుత్తి సూదివారు 106 మంది. 77.8 శాతం. మళ్ళీ మన భాగహారమే, చేసి చూస్తే దాదాపు అంతే వస్తుంది. 60 దాటినవారిలో 67.8 శాతం అన్నారు. వినడానికి బాగానే ఉంది. నమ్మకపు హద్దులు చూడండి, 8 నుంచి 90 వరకు! అంటే చాలా బాగా పనిచెయ్యొచ్చు, నామమాత్రంగానూ పనిచెయ్యొచ్చు. అయినా ఇక్కడ పెద్దవాళ్ళకంటూ ఒక అంకె ఉంది, అది ఎంత సందేహంగా ఉందో కూడా రాసి ఉంది. అది నిజాయితీ. ఆ నవంబరు 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో చేరేదాకా కోవాగ్జిన్ వేయించుకున్నవాళ్ళు విదేశీ ప్రయాణాల్లో పడ్డ అవస్థలు మీకు నేను చెప్పాలా?

78.1 పెద్దదా, 77.8 పెద్దదా అని మాత్రం పోటీ పెట్టకండి. ఒకటి 2020లో ఇక్కడ, ఇంకొకటి ఎక్కువగా 2021లో ఇండియాలో, డెల్టా రకం విరుచుకుపడుతున్నప్పుడు. వేరువేరు పిచ్‌ల మీద కొట్టిన పరుగులు అవి.

టీకాలు వదిలి, మన సూట్‌కేసుల్లోకి వద్దాం. సెలవులకి వెళ్ళిన ప్రతివాళ్ళూ బీపీకి, సుగరుకి మందులు ఊరినుంచి తెచ్చుకుంటారు. "ఇక్కడ దొరికే ఖరీదైన బ్రాండు, అక్కడి చవక మందు ఒకటేనా?" అని అడుగుతారు. చవక మందు, అంటే జెనెరిక్, అనుమతి పొందాలంటే మామూలుగా కొన్ని పదులమంది ఆరోగ్యవంతులకి ఒకసారి బ్రాండు మందు, ఇంకోసారి జెనెరిక్ ఇచ్చి, రక్తంలోకి ఎంత చేరిందో కొలుస్తారు. రెంటి నిష్పత్తికి కట్టిన నమ్మకపు హద్దులు, రెండు కొనలూ, 80 నుంచి 125 శాతం లోపల ఉండాలి. దీన్ని విని, "అంటే 20 శాతం మందు తక్కువ వెయ్యొచ్చన్నమాట" అంటారు కొందరు. కాదు. రెండు కొనలూ లోపల పట్టాలంటే నడిమి అంకె వందకి దగ్గరగా ఉండక తప్పదు.

అయితే ఈ లెక్కకి ప్రాణం నిజాయితీ. హైదరాబాదు జీవీకే బయోసైన్సెస్‌లో జరిగిన ఇలాంటి పరీక్షల్లో గుండె రికార్డులు, ఇ.సి.జి.లు, తారుమారయ్యాయని 2014లో ఫ్రెంచి తనిఖీదారులు తేల్చారు. 2015 జనవరిలో యూరోపియన్ మందుల సంస్థ దాదాపు 700 మందుల రకాలకి అనుమతి నిలిపెయ్యమంది. ఆ మందులవల్ల హాని జరిగినట్టు గాని, అవి పనిచెయ్యనట్టు గాని ఆధారం లేదని ఆ సంస్థే చెప్పింది. కంపెనీ, భారత ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని తప్పుబట్టాయి. అయినా పాఠం ఒకటే. కాగితం మీద అంకె అబద్ధమైతే మందు మంచిదైనా నమ్మడానికి ఆధారం పోతుంది. మా పనిలో సగం లెక్కలు కట్టడమైతే, మిగతా సగం లెక్కల్ని అనుమానించడం.

ముగించే ముందు, ఏ మందు గురించి విన్నా అడగవలసిన నాలుగు ప్రశ్నలు. ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఒకటి, దేనితో పోల్చారు? రెండు, శాతం కింద ఉన్న మనుషులు ఎందరు? మూడు, హద్దులు ఎక్కడినుంచి ఎక్కడిదాకా? నాలుగు, ఆ మనుషుల్లో నా వయసువాళ్ళు, నా జబ్బున్నవాళ్ళు, నాలాంటివాళ్ళు ఉన్నారా? ఈ నాలుగూ మీ డాక్టరుగారిని అడగండి. మంచి డాక్టరుకి కోపం రాదు. జవాబు నచ్చలేదని వాడుతున్న మందు మాత్రం సొంతంగా మానకండి.

ఎవరైనా మిమ్మల్ని ప్రయోగంలో చేరమంటే వెంటనే పారిపోకండి, వెంటనే సంతకమూ పెట్టకండి. మీకు వచ్చిన భాషలో కాగితం అడగండి. మధ్యలో మానెయ్యవచ్చా, ఏమైనా అయితే వైద్యం ఖర్చు ఎవరిది, ఇవి కనుక్కోండి. మీ యజమాని చెప్పాడని కాదు, మీకు ఇష్టమైతేనే చేరండి. వీలైతే పెద్దవాళ్ళని, ఆడవాళ్ళని కూడా దూరం పెట్టకుండా ఆలోచించనివ్వండి. "మనకెందుకు, ముందు ఇంకెవరో చేరనీ" అని మన ఇళ్ళల్లో అనే మాట నాకు తెలుసు. ఆ ఇంకెవరో ఎవరైతే, మందు కూడా వాళ్ళ కొలతకే తయారవుతుంది. తరవాత మన అమ్మకి సరిపోతుందా అని అడిగితే చెప్పడానికి ఎవరి దగ్గరా అంకె ఉండదు.